39 కౌంటీలు, నాలుగున్నరేళ్లు: వాషింగ్టన్ జియోక్యాషింగ్ ఛాలెంజ్‌పై నా సమీక్ష

అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో 39 కౌంటీలున్నాయి (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది). ప్రతి కౌంటీలోనూ కనీసం ఒక జియోక్యాష్‌ను, అంటే ఎవరో దాచి, అది ఉన్న చోటి జీపీఎస్ గుర్తులను ఇంటర్నెట్టులో పెట్టిన డబ్బాను, వెతికి పట్టుకుని, అందులోని లాగ్‌బుక్‌లో సంతకం చేసి వస్తే కౌంటీ ఛాలెంజ్ పూర్తయినట్టు. సియాటిల్ శివార్లలో ఉద్యోగాలు చేసుకునే మా కుటుంబం 2021 ఏప్రిల్‌లో మొదలుపెట్టిన ఈ పనిని 2025 సెప్టెంబరులో ముగించింది. ఇన్నాళ్లు ఆడి చూసిన మనిషిగా, దీని రుచినీ లోపాలనూ ఇక్కడ రాస్తున్నాను.

ఆట తెలియనివారికి ఒక మాట. 2000 మే నెలలో అమెరికా ప్రభుత్వం పౌరుల జీపీఎస్ సంకేతాల్లో కావాలని కలిపిన లోపాన్ని ఎత్తివేసిన మరునాడే, పక్కనున్న ఒరెగాన్‌లో డేవ్ ఉల్మర్ అనే ఆయన ఒక బకెట్టును దాచి, దాని అక్షాంశ రేఖాంశాలను ఇంటర్నెట్టులో ప్రకటించాడు. ఆట అక్కడ పుట్టింది. మా అత్తగారికి మాత్రం ఇది ఈనాటికీ మింగుడుపడలేదు; "క్యాష్ కోసం వెళ్తున్నాం" అని ఫోనులో చెప్పినప్పుడల్లా "ఎంత దొరికింది?" అనే అడుగుతారు.

కింగ్, స్నోహోమిష్, పియర్స్ వంటి దగ్గరి కౌంటీలు ఒక్క నెలలో అయిపోయాయి. ఆ తొందరలోనే ఛాలెంజ్‌లోని అసలు బలహీనత బయటపడింది. నియమం ప్రకారం ఏ క్యాష్ అయినా చెల్లుతుంది కాబట్టి, పార్కింగ్ స్థలంలో దీపస్తంభం అడుగున ఉండే రేకు తొడుగును పైకెత్తి, కింద దాచిన ఫిల్మ్ డబ్బాలో సంతకం చేసినా ఒక కౌంటీ ఖాతాలో పడిపోతుంది. పటంలో ఆ కౌంటీకి రంగు నిండుతుంది గానీ ఆ ఊరు ఎలా ఉందో గుర్తుండదు. అలా మూడు కౌంటీలను పాడుచేసుకున్నాక, దీపస్తంభాల జోలికి వెళ్లకూడదని మేమే ఒక నియమం పెట్టుకున్నాము. నా దృష్టిలో మేము ఈ ఆటకు నిజంగా కట్టుబడింది ఆ రోజునుంచే.

ఆగ్నేయ మూలకు వెళ్లే 12వ నంబరు రహదారి మీద వాలా వాలా, కొలంబియా, గార్‌ఫీల్డ్, అసోటిన్ కౌంటీలను ఒకే రోజు పూర్తిచేయవచ్చు. మేము రెండు రోజులు తీసుకున్నాము, ఎందుకంటే పోమెరాయ్ అనే చిన్న ఊళ్లో మా అమ్మాయి బెంచీ మీద కూర్చుని, లాగ్‌బుక్‌లో అంతకు ముందు వచ్చినవాళ్ల రాతలన్నీ చదివేదాకా కదలనంది. గ్రాంట్ కౌంటీలోని డ్రై ఫాల్స్ దగ్గర పెట్టె లేని ఎర్త్‌క్యాష్ చేశాము. మంచుయుగపు వరదలు చెక్కిపోయిన మూడున్నర మైళ్ల వెడల్పు, 400 అడుగుల ఎత్తు ఉన్న ఆ కొండచరియను చూస్తూ, ఆ క్యాష్‌ను ఏర్పాటు చేసిన యజమాని అడిగిన ప్రశ్నలకు జవాబులు రాసి పంపాలి. వాకయకమ్ కౌంటీలో కొలంబియా నది దాటించే 23 కార్ల చిన్న ఫెర్రీ కోసం ఎదురుచూస్తూ తిన్న పులిహోర రుచి ఇంకా గుర్తుంది.

ఇబ్బందులు తక్కువేమీ కావు. ఏప్రిల్‌లో ఒకానోగన్ కౌంటీకని బయలుదేరి, నార్త్ క్యాస్కేడ్స్ రహదారి మంచువల్ల ఇంకా మూసే ఉందని న్యూహేలం దాటాక గేటు చూసి తెలుసుకున్నాము. ఆ తప్పు పూర్తిగా నాదే. కొండల్లో ఫోనుకు సిగ్నల్ ఉండదు, కనుక ముందుగానే వివరాలను దించుకోవాలి. చందా కట్టకపోతే కష్టమైన క్యాష్‌లు జియోక్యాషింగ్ యాప్‌లో తెరుచుకోవు. యజమానులు పట్టించుకోని పెట్టెల్లో నీళ్లు చేరి, లాగ్‌బుక్ నానిపోయి ముద్దగా ఉంటుంది. అలాంటివి మాకు పదకొండు తగిలాయి.

ఇక నేను మరువలేనిది విట్‌మన్ కౌంటీ. గుంటూరు జిల్లా నుంచి వచ్చిన మా నాన్నగారు, పలూస్ గోధుమ గుట్టల మధ్య దారి పక్కన దొరికిన పాత మిలటరీ తూటాల పెట్టె మూత తీసి, కళ్లద్దాలు సర్దుకుని, లాగ్‌బుక్‌లో తెలుగులో నాలుగు వాక్యాలు రాశారు. గట్టు లేని పొలాన్ని మొదటిసారి చూశానని అందులో ఒక వాక్యం. ఆ క్యాష్ గురించి ఇంటర్నెట్టులో ఎవరేం రాసినా నాకు కబురు వచ్చేలా దాన్ని వాచ్‌లిస్టులో పెట్టుకున్నాను. ఏడాది తర్వాత ఎవరో ఆ పేజీ ఫొటో పెట్టి, ఈ గుండ్రటి అక్షరాలు ఏ భాషవని అడిగారు. ఆ తర్వాత వచ్చిన ఒక తెలుగు కుటుంబం నాన్నగారి సంతకం కిందే తమ ఊరి పేరు రాసి వెళ్లింది.

మోకాళ్ల నొప్పులవల్ల ఆయన మళ్లీ రాలేకపోయారు గానీ, ఆదివారం ఫోనులో "నా పెట్టె ఉందా?" అని అడగడం మాత్రం మానలేదు. పోయిన నెల యజమాని నుంచి సందేశం వచ్చింది: పాత లాగ్‌బుక్ నిండిపోయిందట, కొత్తది పెట్టి పాతదాన్ని తన ఇంట్లో దాచుకున్నారట. ఈ సంగతి నాన్నగారికి ఇంకా చెప్పలేదు.