మౌనానికీ మాటకూ మధ్య: అంతర్జాతీయ రెడ్ క్రాస్ కమిటీ దౌత్య సేవపై ఒక సమీక్ష

1949 నాటి జెనీవా ఒప్పందాలు నాలుగింటిలోనూ ఉమ్మడిగా ఉన్న మూడవ అధికరణంలో ఒక చిన్న వాక్యం ఉంది. అంతర్జాతీయ రెడ్ క్రాస్ కమిటీ వంటి నిష్పాక్షిక మానవతా సంస్థ, పోరాడుతున్న పక్షాల ముందుకు వచ్చి తన సేవలను అందిస్తానని చెప్పవచ్చు అన్నది దాని సారాంశం. ఆ సేవలను స్వీకరించి తీరాలని అది పక్షాలను శాసించదు. వెళ్లి అడిగే అర్హతను మాత్రం ఇస్తుంది. ఆ అడగడాన్నే నేను ఇక్కడ ఒక సేవగా తీసుకుని సమీక్షిస్తున్నాను. మందులూ గుడారాలూ బియ్యం బస్తాలూ కళ్లకు కనబడతాయి కాబట్టి వాటి గురించి చాలామంది రాస్తారు. లారీ బయలుదేరడానికి ముందు ఎవరు ఎవరితో మాట్లాడారు, ఏ మాటను బయటపెట్టారు, ఏ మాటను దాచుకున్నారు అన్నదాని మీద మన భాషలో రాత తక్కువ.

ముందుగా పేర్ల విషయం తేల్చుకోవాలి. మన జిల్లా కేంద్రాలలో రెడ్ క్రాస్ అనగానే రక్తనిధి గుర్తుకు వస్తుంది. అది 1920లో ఏర్పడిన భారతీయ రెడ్ క్రాస్ సొసైటీ. ఇలాంటి జాతీయ సంఘాలన్నిటికీ కలిపి జెనీవాలో ఒక సమాఖ్య ఉంది. నేను మాట్లాడుతున్నది ఈ రెండింటి గురించీ కాదు, 1863లో అదే జెనీవా నగరంలో పుట్టి, యుద్ధ ప్రాంతాలలో పనిచేసే కమిటీ గురించి. ప్రభుత్వాలు దీనికి సభ్యులు కావు. పాలకమండలిలో ఉండేది స్విట్జర్లాండ్ పౌరులే. అయినప్పటికీ 1990 నుంచి ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభలో దీనికి పరిశీలక హోదా ఉంది.

ఇంత పెద్ద సంస్థలో దౌత్యాన్ని సమన్వయం చేయడం ఎంత కష్టమో ఒక జైలు సందర్శనను ఉదాహరణగా తీసుకుంటే తెలుస్తుంది. కమిటీ ప్రతినిధి ఒక నిర్బంధ కేంద్రానికి వెళ్లే ముందు అధికారుల ఎదుట కొన్ని షరతులు పెడతాడు: ఖైదీలందరినీ చూడనివ్వాలి, వారు ఉండే ప్రతి చోటికీ వెళ్లనివ్వాలి, కాపలావాళ్లు లేకుండా ఏకాంతంగా మాట్లాడనివ్వాలి, పేర్లు నమోదు చేసుకోనివ్వాలి, మళ్లీ మళ్లీ రానివ్వాలి. బదులుగా తాను చూసినదాన్ని ఆ అధికారులకే చెబుతానని, పత్రికలకు ఎక్కించనని మాట ఇస్తాడు. ఆ మాట అతడి ఒక్కడిదే అయితే సరిపోదు. రాజధానిలో ప్రతినిధివర్గం అధిపతి, జెనీవాలో అధ్యక్షురాలు, న్యూయార్క్‌లో భద్రతామండలి దేశాలతో మాట్లాడే ఉద్యోగి, విలేఖరులకు జవాబిచ్చే ప్రచార విభాగం, వీరందరూ దానికి కట్టుబడాలి. వీరిలో ఒకరు తొందరపడి నోరు జారితే దాని ఫలితాన్ని అనుభవించేది వారు కాదు. ఎక్కడో ఒక గదిలో వచ్చే నెల సందర్శన కోసం ఎదురుచూస్తున్న మనిషి. ఈ గోప్యతకు న్యాయస్థానాలు సైతం విలువ ఇచ్చాయి. ఈ కమిటీ ఉద్యోగులను సాక్ష్యానికి బలవంతం చేయరాదని పూర్వ యుగోస్లావియా యుద్ధనేరాల న్యాయస్థానం 1999లో తీర్పు చెప్పింది, ఆ తరువాత అంతర్జాతీయ నేర న్యాయస్థానం నియమావళిలోనూ అటువంటి రక్షణ చేరింది.

ఈ ఏర్పాటు చక్కగా పనిచేసినప్పుడు ఎలా ఉంటుందో చూడాలంటే యెమెన్‌ను చూడాలి. ఖైదీలను మార్చుకుంటామని అక్కడి పక్షాలు 2018 డిసెంబరులో స్టాక్‌హోంలో ఒప్పుకున్నాయి గానీ, ఆ మాట అమలులోకి రావడానికి దాదాపు రెండేళ్లు పట్టింది. 2020 సెప్టెంబరులో స్విట్జర్లాండ్‌లో జరిగిన చర్చలకు ఐక్యరాజ్యసమితి ప్రత్యేక దూత కార్యాలయమూ ఈ కమిటీ కలిసి అధ్యక్షత వహించాయి. అక్టోబరు 15, 16 తేదీలలో కమిటీ నడిపిన విమానాలలో వెయ్యిమందికి పైగా ఖైదీలు ఇళ్లకు చేరారు. 2023 ఏప్రిల్‌లో మరో విడతలో దాదాపు తొమ్మిది వందల మంది విడుదలయ్యారు. నన్ను ఆకట్టుకున్నది ఈ అంకెల కంటే పని పంచుకున్న తీరు. ఎవరిని విడిచిపెట్టాలన్న రాజకీయ బేరం పక్షాలదీ, వారి మధ్య నడిచిన దూతదీ. విమానం ఎక్కే ముందు ప్రతి ఖైదీతోనూ విడిగా మాట్లాడి, పేరు సరిచూసి, నిజంగా అక్కడికే వెళ్లాలనుకుంటున్నాడా అని అడిగి, ప్రయాణానికి ఆరోగ్యం సహకరిస్తుందో లేదో పరీక్షించింది కమిటీ. వెళ్లనంటే బలవంతం లేదు. వెయ్యిమందికి పైగా ఉన్న జాబితాలో ప్రతి ఒక్కరినీ విడివిడిగా అడగడానికి సమయం కేటాయించుకున్న సంస్థకు తన పని ఏమిటో తెలుసునని నాకు అనిపిస్తుంది.

ఇక ఈ సేవలో అందరూ తప్పుపట్టే అంశం, మౌనం. దానికి రాతపూర్వకమైన హద్దు ఉందన్న సంగతి చాలామందికి తెలియదు. యుద్ధ నియమాల ఉల్లంఘన కంటబడినప్పుడు ఏం చేయాలో కమిటీ 1981లో ఒక విధానపత్రంగా ప్రకటించి, 2005లో దాన్ని సవరించింది. దాని ప్రకారం బహిరంగంగా ఖండించాలంటే నాలుగు విషయాలు కలిసి రావాలి. ఉల్లంఘన తీవ్రమైనదై ఉండి, పదేపదే జరిగినదో జరగబోయేదో కావాలి. ప్రతినిధులు దాన్ని కళ్లారా చూసి ఉండాలి, లేదా నమ్మదగిన ఆధారాల ద్వారా రూఢి చేసుకుని ఉండాలి. రహస్యంగా నచ్చజెప్పిన ప్రయత్నాలూ, ఇతర దేశాల ద్వారా చేయించిన ఒత్తిడీ విఫలమై ఉండాలి. చివరిది, అన్నిటికంటే ముఖ్యమైనది: ఆ ప్రకటన వల్ల బాధితులకు మేలు జరగాలి. 2007 జూన్ 29న నాటి అధ్యక్షుడు యాకోబ్ కెల్లెన్‌బెర్గర్ మయన్మార్ సైనిక ప్రభుత్వాన్ని పేరుపెట్టి ఖండించింది ఈ లెక్క ప్రకారమే. ఖైదీలను సైన్యం మోతకూలీలుగా వాడుకోవడాన్నీ, సరిహద్దు ప్రాంతాల గ్రామస్థులపై జరిగిన దురాగతాలనూ ఆ ప్రకటన బయటపెట్టింది. అప్పటికే అక్కడ జైలు సందర్శనలు ఆగిపోయి ఏడాదికి పైగా అయింది. ఇక పోగొట్టుకోవడానికి ఏమీ మిగలనప్పుడే నోరు తెరిచారని విమర్శించేవారు ఉన్నారు. అయితే సందర్శనలు సాగుతున్న రోజులలో ఆ ప్రకటన చేసి ఉంటే, వాటిని ఆపివేయడానికి ప్రభుత్వానికి అదే సాకు అయ్యేది. ఈ విషయంలో నేను కమిటీ పక్షాన ఉన్నాను.

నాలుగవ షరతును మరచిపోతే ఏమవుతుందో చెప్పే తేదీ కూడా ఈ సంస్థ చరిత్రలోనే ఉంది. 1942 అక్టోబరు 14న జెనీవాలో కమిటీ సభ్యులు ఒక విజ్ఞప్తి ముసాయిదాను చర్చించారు. అది ఏ దేశాన్నీ వేలెత్తి చూపకుండా, మెత్తని భాషలో యుద్ధ నియమాలను గుర్తుచేసిన పత్రం. దాన్ని విడుదల చేయాలన్న అభిప్రాయం అంతకుముందు సభ్యులలో బలంగానే ఉండేది. ఆ ఏడాది స్విట్జర్లాండ్ అధ్యక్షుడుగా ఉన్న ఫిలిప్ ఎట్టర్ కమిటీ సభ్యుడు కూడా. ఆయన ఆ సమావేశానికి వచ్చి ముసాయిదాను వ్యతిరేకించారు. పత్రం బయటకు రాలేదు. యూదుల విషయంలో నాటి తన మౌనాన్ని కమిటీ తన చరిత్రలోనే అతిపెద్ద వైఫల్యంగా తరువాతి కాలంలో ఒప్పుకుంది. ఒక దేశ ప్రభుత్వ ప్రయోజనం బల్ల దగ్గర కూర్చోగానే బాధితుల ప్రయోజనం అన్న కొలబద్ద పక్కకు జరిగిందన్నదే నేను ఇందులో చూసే తప్పు.

మనకు దగ్గరగా, మన కాలంలో జరిగిన శ్రీలంక ఉదంతాన్ని కొంచెం వివరంగా చెప్పుకోవాలి. ప్రభుత్వ సైన్యానికీ తమిళ పులుల సంస్థకూ (ఎల్‌టీటీఈ) మధ్య యుద్ధం సాగుతుండగా, 2008 సెప్టెంబరులో ప్రభుత్వం భద్రతకు హామీ ఇవ్వలేనని చెప్పడంతో ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ సిబ్బంది కిలినొచ్చి ప్రాంతం నుంచి వెనక్కి వచ్చేశారు. కమిటీ అక్కడే ఉండిపోయింది. 2009 ఫిబ్రవరి ఆరంభంలో పుదుక్కుడియిరుప్పు ఆసుపత్రిపై గుండ్లు పడినప్పుడు ఆ విషయాన్ని కమిటీ వెంటనే ప్రకటించింది; ఎవరు పేల్చారో మాత్రం చెప్పలేదు. రోడ్డు మార్గం మూసుకుపోయాక, గాయపడినవారిని తీరం నుంచి పడవల్లో సముద్రంలో ఆగిన నౌకకు చేర్చి, అక్కడి నుంచి ట్రింకోమలీకీ తరువాత పుల్మోద్దైకీ తరలించే ఏర్పాటు చేసింది. ఫిబ్రవరి 10న మొదలై మే 9 వరకు సాగిన ఆ ప్రయాణాలలో పదమూడు వేలకు పైగా రోగులూ వారి వెంట ఉన్నవారూ ఆ ఇసుకతీరం దాటి బయటపడ్డారు.

ఆ నౌక వచ్చిన ప్రతిసారీ రెండు వైపుల నుంచీ ఒప్పుకోలు కావాలి. ప్రజలను బయటకు పోనివ్వకుండా పట్టి ఉంచిన పులుల సంస్థ ఒప్పుకోవాలి, సముద్రాన్ని కాపలా కాస్తున్న శ్రీలంక నౌకాదళమూ ఒప్పుకోవాలి. ఈ రోజు ఒక పక్షాన్ని పేరుపెట్టి నిందిస్తే రేపు నౌక రాదు. నౌక రాకపోతే స్ట్రెచర్ల మీద ఉన్నవారు అక్కడే చనిపోతారు. మూడు నెలల పాటు ప్రతిరోజూ ఈ లెక్క వేసుకుంటూ పనిచేసిన సిబ్బంది మీద నాకు ఎంతో గౌరవం ఉంది. వారిలో ముగ్గురు ఆ పోరాటంలోనే ప్రాణాలు కోల్పోయారు. మే 14న, నౌక ఇక తీరానికి చేరలేని స్థితిలో, కార్యకలాపాల సంచాలకుడు పియర్ క్రేన్‌బూల్ తమ సిబ్బంది ఊహకందని మానవతా విపత్తును చూస్తున్నారని బహిరంగంగా చెప్పారు. ఆ తరువాత కొద్ది రోజులకే యుద్ధం ముగిసింది.

ఆ మాట ఏప్రిల్‌లోనే వినిపించి ఉంటే బాగుండేదా అని నేను చాలాసార్లు ఆలోచించాను. చివరి నెలల్లో నలభై వేల వరకు పౌరులు చనిపోయి ఉండవచ్చని ఐక్యరాజ్యసమితి నిపుణుల బృందం 2011 నివేదికలో చెప్పిన మాటను చదివిన ఎవరికైనా ఆ ప్రశ్న రాక తప్పదు. అయితే ఇక్కడ ఒక తేడాను గుర్తించాలి. ప్రాణనష్టపు లెక్కలు కట్టుకుని కూడా వాటిని బయటపెట్టకుండా తొక్కిపట్టింది ఐక్యరాజ్యసమితి. తన వ్యవస్థ మొత్తంగా విఫలమైందని 2012 నవంబరులో వెలువడిన దాని అంతర్గత సమీక్షే అంగీకరించింది. యుద్ధరంగంలో లేని సంస్థ మౌనం వహించడం వల్ల దక్కిన నౌక ఏదీ లేదు. నౌకను నడిపే సంస్థ తగ్గి మాట్లాడితే, నౌకను నడపని సంస్థ గట్టిగా మాట్లాడాలి. పెద్ద సంస్థల మధ్య సమన్వయం అంటే నా దృష్టిలో ఇదే: అందరూ ఒకే గొంతుతో పలకడం కాదు, ఎవరి గొంతుకు ఏ పని అప్పగించాలో ముందే తేల్చుకోవడం. 2009లో అలా తేల్చుకున్నవారు లేరు, అందుకే కమిటీ మౌనం ఒంటరిదైపోయింది.

ఉక్రెయిన్ విషయంలో మాత్రం ఈ సేవకు నేను తక్కువ మార్కులే వేస్తాను. 2022 జూలై 29న రష్యా అధీనంలోని ఓలెనివ్కా నిర్బంధ శిబిరంలో జరిగిన పేలుడులో యాభైమందికి పైగా ఉక్రెయిన్ యుద్ధ ఖైదీలు చనిపోయారు. యుద్ధ ఖైదీలను చూసే హక్కును మూడవ జెనీవా ఒప్పందంలోని 126వ అధికరణం కమిటీకి స్పష్టంగా ఇస్తున్నా, అక్కడికి వెళ్లడానికి అనుమతి దొరకలేదు. తలుపు తెరవనివారి తప్పును తలుపు తట్టినవారి మీద వేయడం న్యాయం కాదు. కానీ నెలల తరబడి ఖైదీల కుటుంబాలకు వినిపించినవి చాలావరకు సంస్థ పాటించే సూత్రాల వివరణలే. తటస్థత అంటే ఏమిటో, గోప్యత ఎందుకు అవసరమో చెప్పే మాటలు దౌత్యవేత్తలకు సరిపోతాయి. కొడుకు జాడ తెలియని తల్లికి వాటితో పనిలేదు. జైలు తలుపు దగ్గర మాట్లాడే భాషనూ, కుటుంబాలతో మాట్లాడే భాషనూ ఒకే విభాగం ఒకే పదాలతో తయారు చేయడం వల్ల ఈ లోపం వచ్చిందని నా అభిప్రాయం.

మనుషుల విషయంలో మౌనంగా ఉండే ఈ సంస్థ చట్టం విషయంలో గొంతెత్తగలదు. మందుపాతరలను పూర్తిగా నిషేధించాలని అధ్యక్షుడు కొర్నేలియో సొమ్మరుగా 1994లో బహిరంగంగా కోరారు. అంతకుముందు ఒక ఆయుధంపై కమిటీ ఇలా ప్రజల మధ్యకు వెళ్లి ప్రచారం చేసిన సందర్భాలు అరుదు. యుద్ధరంగంలోని శస్త్రచికిత్స నిపుణులు తాము తొలగించిన కాళ్ల లెక్కలు తెచ్చారు, న్యాయనిపుణులు వాటిని ఒప్పంద భాషలోకి మార్చారు. 1997 డిసెంబరులో ఒట్టావాలో సంతకాలు జరిగాయి. ఆసుపత్రి గదికీ సమావేశ మందిరానికీ మధ్య దారి వేయడంలో ఇంత మంచి ఉదాహరణ నాకు మరొకటి తెలియదు. 2025లో లిథువేనియా, లాట్వియా, ఎస్టోనియా, ఫిన్లాండ్, పోలండ్ దేశాలు ఆ ఒప్పందం నుంచి తప్పుకోవాలని నిర్ణయించుకోవడం చూస్తే, ఒకసారి గెలిచిన వాదనను మళ్లీ మొదటి నుంచి వినిపించవలసిన కాలం వచ్చిందని అర్థమవుతుంది. 2024 సెప్టెంబరులో బ్రెజిల్, చైనా, ఫ్రాన్స్, జోర్డాన్, కజకస్తాన్, దక్షిణాఫ్రికాలతో కలిసి యుద్ధ నియమాల పట్ల నిబద్ధతను నిలబెట్టడానికి కమిటీ ఒక కార్యక్రమం ప్రారంభించింది. అందులో ఏ ఒక్క కూటమి ముద్రా పడకుండా దేశాలను ఎంచుకోవడం బాగుంది.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. కమిటీ ఖర్చులో అధిక భాగం ప్రభుత్వాలు ఇచ్చే స్వచ్ఛంద విరాళాలే. ఆ విరాళాలు తగ్గడంతో 2023లో దాదాపు 1,800 ఉద్యోగాలను తొలగిస్తున్నట్టు అది ప్రకటించింది. గోదాములో సరుకు తగ్గితే మళ్లీ నింపుకోవచ్చు. ఒక ప్రాంతపు సాయుధ దళ నాయకుడితో పదేళ్లుగా మాట్లాడుతూ వచ్చిన స్థానిక ఉద్యోగి వెళ్లిపోతే ఆ నమ్మకం అతడితోనే పోతుంది, కొత్తగా వచ్చినవారు మొదటి టీ కప్పు నుంచి మొదలుపెట్టాలి. కోతలు పెట్టేవారు ఈ పనిని చివరగా ముట్టుకోవాలని నేను కోరుతున్నాను.

యుద్ధంలో తప్పిపోయినవారి కోసం వెతికే కుటుంబాలు తమ దేశంలోని రెడ్ క్రాస్ సంఘం ద్వారా కమిటీని ఆశ్రయించవచ్చు, దీనికి రుసుము లేదు. అలా వచ్చినవారికి సంస్థ ఇవ్వగలిగిన కనీస సమాచారం ఒకటి ఉందని నా నమ్మకం: మీవాడి గురించి ఫలానా నెలలో అడిగాం, జవాబు రాలేదు, మళ్లీ ఫలానా నెలలో అడుగుతాం. ఇందులో ఎవరి రహస్యమూ బయటపడదు. ఏ పక్షాన్నీ నిందించినట్టు కాదు. ఇంత మాత్రం చెప్పడానికి ప్రతినిధులకు అనుమతి ఇస్తూ జెనీవా ఒక ఆదేశం జారీ చేయాలి.