డిప్రెషన్ యాప్ పని చేస్తుందా? ఓ రొయ్యల రైతు రివ్యూ

మాది భీమవరం దగ్గర. ఒక చెరువులో రొయ్యలన్నీ తెల్లమచ్చ రోగం వచ్చి చచ్చిపోయాయి. ఆ తర్వాత నేను ఎవరితోనూ సరిగ్గా మాట్లాడడం లేదని మా ఆవిడ పోరు పెట్టి డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్లింది. ఆయన మందులు రాసి, ఫోన్‌లో ఒక యాప్ కూడా వేయించారు. డబ్బు కట్టక్కర్లేదు.

తెరవగానే తొమ్మిది ప్రశ్నలు. డిప్రెషన్ ఎంతుందో కొలిచేవి, పీహెచ్‌క్యూ-9 అంటారు, మొత్తం 27 మార్కులు. ఎక్కువ వస్తే గర్వపడే పరీక్ష కాదు లెండి. నిద్ర ప్రశ్న దగ్గర ఆగిపోయాను. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుందని, కరెంటు పోతే జనరేటర్ వెయ్యాలని రెండో చెరువు గట్టు మీదే ఉండేవాణ్ణి 'నిద్ర పడుతోందా' అంటే ఏం నొక్కను?

పాఠాల సారం మాత్రం నచ్చింది. మనసు బాగయ్యాక చేద్దామని కూర్చోకుండా చిన్న పని ముందు మొదలుపెట్టమంటుంది. ఉదాహరణలే మనవి కావు. పార్కులో నడవాలట! పాఠం చెప్పే గొంతు కూడా రైల్వే స్టేషన్ అనౌన్స్‌మెంట్‌లా ఉంటుంది.

అసలు పని చేసింది వారానికోసారి ఫోన్ చేసిన నర్సమ్మాయి. "పార్కు సంగతి వదిలేయండి బాబాయ్ గారూ. మేత కొట్టుకి వెళ్లడం మానేశారంట, బాకీ అడుగుతారనాండీ?" అంది. "ఆయ్, అంతేనమ్మా" అన్నాను. "డబ్బు లేకపోయినా వెళ్లి కాసేపు కూర్చుని రండి" అంది. వెళ్లాను. కొట్టాయన బాకీ ఊసెత్తలేదు, రెండో చెరువు ఎంత కౌంట్‌లో ఉందని, అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతున్నాయని అడిగి టీ తెప్పించాడు. ఆ రాత్రి అన్నం సయించింది.

కోర్సు అయిపోగానే ఆ ఫోన్లు ఆపేశారు. నా గొడవంతా అదే. బ్రెజిల్, పెరూల్లో బీపీ, షుగరుతో పాటు డిప్రెషన్ ఉన్నవాళ్లకి నర్సుల తోడుతో ఆరు వారాల ఫోన్ పాఠాలు పెట్టి చూశారు, కోనెమో అని. 2021లో ఫలితాలు వచ్చాయి: మూడో నెలలో గుణం కనిపించింది, ఆరో నెలకి చెప్పుకోదగ్గ తేడా మిగల్లేదు. మన పశ్చిమ గోదావరిలోనే స్మార్ట్ మెంటల్ హెల్త్ పేరుతో ఆశా కార్యకర్తలు ట్యాబ్ పట్టుకుని ఇలాంటి ప్రశ్నలే అడిగారు. అక్కడా మనిషే ఇంటికొచ్చింది కదా.

చచ్చిపోవాలనిపిస్తే మాత్రం యాప్ తెరుస్తూ కూర్చోకండి. ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి చేయండి, ఉచితం, రాత్రయినా సరే, తెలుగులో మాట్లాడతారు.

మూడు స్టార్లు. ఆ అమ్మాయి ఫోన్లు మళ్లీ మొదలెడితే నాలుగోది కూడా ఇస్తాను.