నేను నడిపే కారు, మా ఆయన ఫోన్‌లో యాప్: మూడేళ్లు దాటాక నా అభిప్రాయం

తిరుపతి నుంచి చిత్తూరులో కాలేజీకి కారులో వెళ్లి వస్తుంటాను. బండి మా ఆయన పేరు మీద ఉంది, నడిపేది ఎక్కువగా నేనే. కొన్న రోజు షోరూమ్‌లో ఆయన నంబరుతోనే యాప్ ప్రధాన ఖాతా తెరిచారు. ఏ కంపెనీ అన్నది అనవసరం, ఇలా నెట్‌తో, యాప్‌తో కలిసి ఉండే కార్లలో చాలావాటికి ఇవే సౌకర్యాలు, ఇవే చిక్కులు. కారులోనే ఒక ఈ-సిమ్ ఉంటుంది, అంటే ఫోన్ సిమ్ లాంటిదే, బండిలోనే అమర్చి వస్తుంది. బండి ఎక్కడుంది, ఎంత వేగంతో పోతోంది, ఎక్కడ గట్టిగా బ్రేకు పడింది, అంతా దాని ద్వారా కంపెనీ సర్వర్‌కు, అక్కడి నుంచి ఖాతా ఉన్న ఫోన్‌కు చేరుతుంది.

ముందు పనికొచ్చినవి. మే నెలలో ఎండలో నిలిపిన కారు తలుపు తీస్తే సెగ మొహానికి కొడుతుంది. క్లాసు అయిపోతుండగానే ఫోన్‌లోంచి ఏసీ వేసేస్తాను. ఈ ఒక్క పనికే యాప్ ఉంచుకోవచ్చు అనిపించిన రోజులున్నాయి. ఇక తిరుమల. అత్తమ్మ మొక్కు ఉంటే అందరం అలిపిరి నుంచి మెట్లెక్కుతాం, డ్రైవర్ ఘాట్ రోడ్డులో కారు తెస్తాడు. రద్దీ రోజుల్లో ఎక్కడ జాగా దొరికితే అక్కడే పెట్టాలి. అతని ఫోన్ కలవకపోయినా యాప్ చూసుకుని నేరుగా బండి దగ్గరికి పోవచ్చు. ఘాట్‌లో సిగ్నల్ పోతే మాత్రం చివరిసారి అందిన చోటునే చూపిస్తూ ఉంటుంది. "బండి కదలడంలేదే, ఏమైందో" అని అత్తమ్మ మెట్ల మీదే గోవిందలు మొదలుపెడుతుంది.

డ్రైవింగ్‌కు సాయం చేసే ఏడాస్ సంగతి రెండు ముక్కల్లో చెప్పొచ్చు. చిత్తూరు రోడ్డులో గీతలు బాగున్నచోట లేన్ దాటితే హెచ్చరించడం, ముందు బండికి తగ్గట్టు వేగం తగ్గించడం బాగానే చేస్తుంది. తిరుపతి ఊళ్లో ఆటోల మధ్య అదే పనిగా కూస్తుంది. ఘాట్ మలుపుల్లో లేన్ అసిస్ట్ ఆపేస్తాను. ఇక మాటతో దారి అడిగితే మరీ తమాషా, పుత్తూరు అంటే కర్ణాటకలోని పుత్తూరుకు దారి పెట్టింది.

గాదంకి టోల్‌గేట్ దాటాక టైరు పోయినప్పుడు రోడ్‌సైడ్ సాయం బటన్ నొక్కాను. లొకేషన్ వాళ్ల స్క్రీన్ మీద ఉంది, అయినా "మేడమ్, దగ్గర్లో ల్యాండ్‌మార్క్ చెప్పండి" అన్నారు. మనిషి వచ్చాడు, ఆలస్యంగా. మా కారులో ఆపదకు వాడే ఎస్ఓఎస్ బటన్ నొక్కినా ముందు వెళ్లేది కంపెనీ కాల్ సెంటర్‌కే. అందుకే ఇంట్లో అందరికీ ఎమర్జెన్సీ నంబరు 112 గుర్తుపెట్టుకోమని చెప్పాను.

అసలు తలనొప్పి వేరే ఉంది. డ్రైవర్‌ను పెట్టుకున్న కొత్తలో మా ఆయన మ్యాప్‌లో ఒక హద్దు గీశారు, బండి అది దాటితే ఆయన ఫోన్ మోగుతుంది. తర్వాత స్టీరింగ్ నా చేతికి వచ్చినా ఆ హద్దు అలాగే ఉండిపోయింది. ఒకరోజు ఫోన్. "చంద్రగిరిలో ఇంతసేపు ఆగినావే, ఏమైంది?" "టీ తాగేదానికి కూడా చెప్పి తాగాల్నా?" అన్నాను. ఆయనది అనుమానం కాదు, భయం. అడిగించుకునేవాళ్లకు మాత్రం రెండూ ఒకేలా ఉంటాయి.

డ్రైవర్‌ది ఇంకో రకం ఇబ్బంది. మధ్యాహ్నం అన్నానికి ఇంటికి పోయి వచ్చిన సంగతి మా ఆయన అడిగేసరికి అతని ముఖం మాడిపోయింది. "నమ్మకం లేకపోతే తాళం ఎందుకిచ్చినారు సార్?" అన్నాడు. టాక్సీల్లో ఏఐఎస్-140 అనే వాహన ట్రాకింగ్ నిబంధన ప్రకారం 2019 నుంచి కొత్త బండ్లకు ట్రాకర్, ఎమర్జెన్సీ బటన్ తప్పనిసరి, అక్కడ నడిపేవాడికి సంగతి తెలుసు. సొంత కారులో ఎవరూ చెప్పరు. తిరుమల ఘాట్‌లోనూ నిఘా ఉంది. కింద టైము వేస్తారు, నిర్ణయించిన సమయం కన్నా ముందే పైకి చేరితే జరిమానా. వేగం అదుపుకు ఆ రెండు సమయాలూ సరిపోతున్నాయి, దారిలో ఎవరు ఎక్కడ ఆగారో వాళ్లు అడగరు.

ఇప్పుడు ప్రధాన ఖాతా నా నంబరు మీదకు మార్చుకున్నాను. రాత్రి ప్రయాణమైతే లొకేషన్ నేనే పంచుతాను, మిగతా వేళల్లో ఆయనకు కనబడదు.

కంపెనీ చేతికి పోయే వివరాలు ఎలా ఆపాలన్నది ఇంత సులువుగా తేలలేదు. మా బండిలో డేటా పంచుకోవడం ఆపితే ఏసీ, లొకేషన్, అన్నీ ఒకేసారి ఆగిపోతాయి. ఏసీ వేయడానికి నేను ఎక్కడెక్కడ తిరిగానో కంపెనీ ఎందుకు రాసిపెట్టుకోవాలి? 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం సమ్మతి వెనక్కి తీసుకునే హక్కు, డేటా తుడిపించుకునే హక్కు రాసింది. యాప్‌లో ఆ బటన్ కోసం వెతికాను, దొరకలేదు. ఇన్సూరెన్స్ రెన్యువల్ అప్పుడు ఏజెంటు "మీరు బాగా నడుపుతారు మేడమ్, నడిపే తీరును బట్టి ప్రీమియం తగ్గే పాలసీ తీసుకోండి" అన్నాడు. 2022లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఇలాంటి వాటికి అనుమతి ఇచ్చింది. తగ్గించగలిగిన లెక్క పెంచనూ గలదు. అమెరికాలో జనరల్ మోటార్స్ డ్రైవర్ల లొకేషన్, బ్రేకుల వివరాలు సరైన సమ్మతి లేకుండా అమ్మిందని అక్కడి వినియోగదారుల రక్షణ చూసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2025 జనవరిలో చర్య తీసుకుంది. ఆ వివరాలు ఇన్సూరెన్స్ ప్రీమియంల దాకా వెళ్లాయి. ఏజెంటుకు వద్దని చెప్పాను.

యాప్ ఉచిత గడువు అయ్యాక ఏడాదికే డబ్బు కట్టాను. కట్టకపోతే బండి వివరాలు పంపడం కూడా ఆపుతుందా అని సర్వీస్ సెంటర్‌లో అడిగితే "యాప్ పని చేయదు మేడమ్" అన్నారు. నేనడిగింది అది కాదు.

సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లు ఒకటి చూసుకోండి. మా తమ్ముడు చిత్తూరులో ఇలాంటి కారే కొన్నాడు. ఆర్‌సీ మారింది, ఇన్సూరెన్స్ మారింది, యాప్ ఖాతా మాత్రం మారలేదు. స్పేర్ తాళం గురించి పాత ఓనర్‌కు ఫోన్ చేస్తే ఆ పెద్దాయన ఎంతో ప్రేమగా, "మొన్న కాణిపాకం పోయొచ్చినారే, దర్శనం బాగా అయిందా నాయనా?" అని అడిగాడట. షోరూమ్‌లో కొత్త ఆర్‌సీ కాపీ ఇచ్చి పాత ఖాతా తీయించేసరికి వాడి తాతలు దిగొచ్చారు.