కొవ్వాడ అణు విద్యుత్తా, డాబా మీద సోలారా: ఏది మేలు?

శ్రీకాకుళం జిల్లా కొవ్వాడ ప్లాంటు వార్త వచ్చినప్పుడల్లా రణస్థలం వైపు నుంచి ఇదే ప్రశ్న. రెండింటిలోనూ బొగ్గు పొగ లేదు కదా, జిల్లాకి ఏది మంచిదంటారు?

కరెంటు లెక్కలో పోటీయే లేదు. కొవ్వాడలో తలపెట్టినవి ఒక్కోటి 1,208 మెగావాట్ల రియాక్టర్లు ఆరు. రాత్రీ పగలూ నడుస్తాయి. డాబా మీద 3 కిలోవాట్లు పడితే గొప్ప, అదీ ఎండ ఉన్నంతసేపే. పైగా బ్యాటరీ లేకపోతే, లైన్లో కరెంటు పోగానే సోలారూ ఆగిపోతుంది. మళ్లీ తిత్లీ లాంటి తుపాను వస్తే ఉద్దానంలో ప్యానెళ్లున్న ఇంట్లోనూ చీకటే.

గాలిమరల సంగతీ అడుగుతున్నారు. ఆ గాలి అనంతపురం, కర్నూలు వైపుది, వదిలేయండి.

నా దృష్టిలో తేల్చేది భూమి. 2010 జూలైలో సోంపేటలో, 2011 ఫిబ్రవరిలో కాకరాపల్లిలో పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. అవి బొగ్గు ప్లాంట్లే, కానీ జనం పోరాడింది పొగ మీదే కాదు. బీల, తంపర అనే చిత్తడి నేలలు, చేపలు, పశువుల మేత కోసం కూడా. కొవ్వాడలో బొగ్గు లేదు గానీ భూసేకరణ ఉంది, మత్స్యకారులు ఊళ్లు ఖాళీ చెయ్యడమూ ఉంది. సాలూరు కొండల్లో పంప్డ్ స్టోరేజ్ (నీటిని పైకి తోడి, కిందికి వదిలి కరెంటు తీసే ప్లాంటు) అంటే గిరిజనులు ఎందుకు ఒప్పుకోవడం లేదో వేరే చెప్పక్కర్లేదు.

రాష్ట్రం 2024లో తెచ్చిన క్లీన్ ఎనర్జీ పాలసీ పది లక్షల కోట్ల పెట్టుబడులంటోంది. అది పెద్ద ప్లాంట్లతోనే నిండే లెక్క. కానీ ప్రభుత్వం మారితే? 2019లో గాలి, సౌర విద్యుత్ ఒప్పందాల ధరలు తిరగదోడినప్పుడు కోర్టుకెళ్లింది కంపెనీలే. ఊళ్లో ఎవరికీ పట్టలేదు. డాబా సోలారు అలా కాదు. డాబా సోలారుకి సబ్సిడీ ఇచ్చే పీఎం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లకి కేంద్రం 78 వేలు ఇస్తోంది. బీసీలకి 20 వేల దాకా అదనం, ఎస్సీ, ఎస్టీ ఇళ్లకి 2 కిలోవాట్లు ఉచితం అని రాష్ట్రం చెప్పింది. బిల్లు తగ్గడం ఒకసారి చూసిన ఇల్లు నెట్ మీటరింగ్ (మిగిలిన సోలార్ కరెంటు లైనుకిచ్చి బిల్లులో తగ్గించుకునే పద్ధతి) జోలికి ఎవరినీ రానివ్వదు, ఓటడగడానికి వచ్చినవాణ్ణి గుమ్మంలోనే నిలదీస్తుంది. ఏ పార్టీ వచ్చినా నిలిచే పాలసీ ఇదేనని అందుకే అంటున్నా.

అద్దె ఇళ్లలో ఉన్నవాళ్లకి మాత్రం ఇదేదీ అక్కరకు రాదు. వాళ్ల దాకా వచ్చేది కరెంటు బిల్లులో తర్వాత కలిపే సర్దుబాటు చార్జీలే.