మూరెడు నిక్కరు ఎలాస్టిక్, నాలుగు రబ్బరు పిన్నులు: మూడేళ్ల తర్వాత

కంప్యూటరు క్యాబినెట్ ఫ్యానుకు చప్పుడు తగ్గాలని స్క్రూల బదులు పెట్టే రబ్బరు పిన్నుల గురించి మొదట్లో కనిపించినవాళ్లందరికీ గొప్పగా చెప్పాను. అవి మంచివే. కానీ మా ఇంట్లో రాత్రుళ్లు నిద్ర చెడగొట్టింది ఫ్యాను కాదు.

మాది విశాఖ పెదవాల్తేరులో రెండు గదుల ఇల్లు, కంప్యూటరు మంచం పక్కనే. పిన్నులు పెట్టి, బయాస్‌లో (కంప్యూటరు ఆన్ చేస్తూనే తెరుచుకునే సెట్టింగుల్లో) ఫ్యాను వేగం నిమిషానికి 1200 చుట్ల నుంచి 800కి దించాక గాలి హోరు తగ్గింది. 'ఊఁ' అనే రొద మాత్రం పోలేదు. టేబుల్ సొరుగు పిడి కూడా దానికి తాళం వేసేది. ఓ రాత్రి విసుగొచ్చి క్యాబినెట్ పక్క రేకు మీద అరచెయ్యి అదిమితే ఠక్కున ఆగింది. తీస్తే మళ్లీ మొదలు. లోపల పాత హార్డ్ డిస్క్ ఉంది: నిమిషానికి 7200 చుట్లు, అంటే సెకనుకు 120. ఆ అదురంతా స్క్రూల గుండా రేకులోకి పాకుతోంది.

అమ్మ కుట్టుమిషన్ సొరుగులో పిల్లల నిక్కర్లకు వేసే ఎలాస్టిక్ మూరెడు దొరికింది. డీవీడీ డ్రైవ్ తీసేసిన ఖాళీలో రెండు వరసలు కట్టి, డిస్కును ఉయ్యాల్లో వేసినట్టు వేలాడదీశాను. స్విచ్ వేశాక ఆన్ అయిందో లేదోనని లైటు చూసుకోవాల్సి వచ్చింది. వంటింట్లోంచి అమ్మ "కరెంటు పోయిందేటిరా?" అంది.

రెండో వేసవిలో ఎలాస్టిక్ సాగిపోయింది. డిస్క్ ఓ మూలకు ఒరిగి రేకుకు తగిలి కిటకిటలాడింది. ఫోటోలన్నీ అందులోనే, ఒకటే టెన్షన్! అదృష్టం, కాపీ చేసుకునేదాకా బతికే ఉంది, ఇప్పటికీ ఉంది. అప్పట్నుంచి ఏటా ఉగాది వెళ్లగానే ఎలాస్టిక్ మారుస్తున్నాను.

ఇక పిన్నులు. సముద్రపు గాలికి పాత స్క్రూలు తుప్పు పట్టాయి, వీటికి ఆ బాధ లేదు. కాకపోతే వెనక వేడిగాలి తగిలే ఫ్యానుది ఒకటి మూడో ఏడు గట్టిపడి, దుమ్ము దులుపుతుంటే పుటుక్కున తెగింది. పిన్నుల్ని లాగి బిగించే తోకలు పొడుగున్నాయని మొదటిరోజే కత్తిరించేయడం నా తెలివి. మిగతావి మళ్లీ బిగిద్దామంటే పట్టుకుని లాగడానికి ఏమీ లేదు.

మా గదిలో ఏసీ లేదు. మేలో ఫ్యాను వేగం మళ్లీ పెంచక తప్పదు, అప్పుడు సీలింగ్ ఫ్యాను మోతలో అన్నీ కలిసిపోతాయి. ఒట్టి ఎస్ఎస్‌డీ (లోపల తిరిగేదేమీ లేని డ్రైవ్) ఉన్నవాళ్లకు ఎలాస్టిక్ గొడవే లేదు. మా క్యాబినెట్ మూడేళ్లుగా ఆ మూల కదల్లేదు కాబట్టి సరిపోయింది. ఏడాదికో అద్దిల్లు మారేవాళ్లయితే ఆటో ఎక్కించేముందు డిస్క్ దించి చేతిసంచిలో పెట్టుకోండి.