జంతికల గొట్టం: ఇత్తడిది మేలా, స్టీలుది మేలా?

సంక్రాంతి దగ్గరపడుతోందంటే విజయవాడలో మా బంధువులూ ఇరుగుపొరుగు వారూ తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటి ఉంది: కొత్త జంతికల గొట్టం కొనాలి, ఇత్తడిది తీసుకోమంటారా, స్టీలుది తీసుకోమంటారా? ఈమధ్య మా ఇంటికీ ఒకటి కావలసి వచ్చి, వన్‌టౌన్‌లోని పాత్రల దుకాణాల్లో రెండు రకాలనూ చేతబట్టి చూశాను గనుక, నా మొగ్గు ఎటో, ఎందుకో ఇక్కడ వివరంగా రాస్తున్నాను. అడిగేవారంతా లోహం గురించే అడుగుతారు గాని, నా దృష్టిలో అంతకంటే ముందు చూడవలసింది గొట్టం లోపలి గోడకూ, పిండిని కిందికి నెట్టే ముక్కకూ మధ్య ఉండే సందు.

బియ్యప్పిండితో కలిపిన జంతికల పిండి గట్టిగా ఉంటుంది. కారప్పూస బిళ్లకు ఉండే సన్నని రంధ్రాల గుండా దానిని దింపాలంటే గట్టిగా ఒత్తక తప్పదు. ఒత్తిడి పెరిగిన పిండి తనకు ఎటు దారి సులువైతే అటే పోతుంది కాబట్టి, పక్కన సందు ఎక్కువగా ఉంటే బిళ్లలోంచి దిగడం మాని నెట్టే ముక్క పక్కనుంచి పైకి ఎక్కుతుంది. చేతి బలంలో కొంత అక్కడే వృథా అవుతుంది, పైకి వచ్చిన పిండి మరచుట్లలో ఇరుక్కొని ఎండిపోతుంది, ఒక వాయి పూర్తయ్యేసరికి మణికట్టు లాగేస్తుంది. పలుచని స్టీలు రేకుతో చేసిన చవక గొట్టాల్లో ఈ సందు ఎక్కువగా కనిపిస్తుంది. కింద పడి రేకు కొంచెం నొక్కుకుపోతే అది ఇంకా పెరుగుతుంది. మంచి ఇత్తడి గొట్టాన్ని మందంగా పోతపోసి, లోపలి గోడను లేతు (లోహాన్ని తిప్పుతూ చెక్కే యంత్రం) మీద నున్నగా చెక్కి, ఆ కొలతకు తగినట్టుగా నెట్టే ముక్కను తీస్తారు. అంటే ఆ రెండూ జతగా తయారైనవి, ఒక గొట్టం ముక్కను మరో గొట్టంలో పెడితే సరిగ్గా కూర్చోకపోవచ్చు. ఇత్తడి పనికి పేరున్న తణుకు దగ్గరి అజ్జరం వంటి ఊళ్లలో తరతరాలుగా ఈ పని కుటుంబాల చేతుల్లోనే నడిచింది. తండ్రీకొడుకులు కలిసి చేసే అటువంటి చోట వస్తువుకు చుట్టే రంగుల అట్టపెట్టె ఉండదు గాని, నేను పైన చెప్పిన ఆ బిగువు ఉంటుంది.

రెండో విషయం మరమ్మతు. పైన ఉన్న పిడిని తిప్పితే మర దిగి పిండిని నెట్టే తిప్పుడు గొట్టంలో మొదట అరిగేది ఆ మరే. స్టీలు మర మీద స్టీలు నట్టే తిరిగితే, ఒత్తిడి పడినప్పుడు రెండూ ఒకదానినొకటి గీరుకొని, ఒక్కోసారి కదలకుండా పట్టేస్తాయి. అందుకే తెలిసిన తయారీదారులు స్టీలు గొట్టానికి కూడా ఇత్తడి నట్టే పెడతారు. స్టీలుదే కొనదలచినవారు దుకాణంలో చూడవలసిన మొదటి సంగతి ఇదే. ఇత్తడి గొట్టం మర అరిగితే ఆటోనగర్‌లో చిన్న లేతు ఉన్నవారు కూడా కొత్త నట్టు చేసి ఇవ్వగలరు. బాగుచేయలేని స్థితికి వచ్చినా పాత ఇత్తడికి తూకం మీద డబ్బు వస్తుంది. నొక్కుకుపోయిన పలుచని రేకు గొట్టాన్ని సరిచేసేవారు దొరకరు, దొరికినా అడిగే కూలి కొత్తదాని ధరకు దగ్గరగా ఉంటుంది.

ఇత్తడికి ఇబ్బందులు లేవని నేననను. అది బరువు. స్టీలుకంటే ఎన్నో రెట్లు త్వరగా వేడిని లాగుతుంది కాబట్టి, మరిగే నూనె మీద నేరుగా ఒత్తేవారికి చెయ్యి చురుక్కుమంటుంది. జల్లిగరిటె మీద ఒత్తి నూనెలోకి జార్చేవారికి ఈ బాధ తక్కువ. లేతు మీద సులువుగా తెగడానికి ఇత్తడి కడ్డీల్లో 3 శాతం దాకా సీసం కలపడం పరిశ్రమలో ఉన్నదే గనుక, వంట సామానుకు వాడిన ఇత్తడి ఎటువంటిదో అమ్మేవారిని అడిగి తెలుసుకోవాలి. ఉప్పు కలిపిన పిండిని అందులో రాత్రంతా వదిలేయకూడదు. పని కాగానే కడిగి, పొడిగుడ్డతో తుడిచి పెట్టాలి. ఇంత ఓపిక లేనివారికి స్టీలే నయం. 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉండే 304 రకమైతే తుప్పు భయం దాదాపు ఉండదు. అయితే అయస్కాంతం అంటకపోతే మంచి స్టీలని అమ్మేవారు చెప్పే పరీక్షను నమ్మవద్దు, నికెల్ తగ్గించిన 202 రకానికి కూడా అయస్కాంతం అంటదు.

తిప్పుడు గొట్టమా, రెండు చేతులతో నొక్కేదా అన్నది చేతి బలాన్ని బట్టి తేల్చుకోవలసిన మాట. మణికట్టు నొప్పి ఉన్న పెద్దవారికి మర ఉన్నదే తగును. నొక్కేది త్వరగా సాగుతుంది. ఏదైనా సరే వెడల్పు గొట్టానికి ఆశపడకూడదు. గొట్టం వ్యాసం రెట్టింపైతే అదే ఒత్తిడికి నాలుగు రెట్లు బలం పెట్టాలి, ఎక్కువ పిండి పడుతుందన్న సంతోషం మొదటి వాయితోనే తీరిపోతుంది.

అల్యూమినియం గొట్టం చవక, ఇత్తడి బరువులో మూడో వంతు కూడా తూగదు, కాని మెత్తని లోహం కాబట్టి మరచుట్లు త్వరగా పోతాయి. చెక్క గొట్టం చూడముచ్చటగా ఉంటుంది, తడికి ఉబ్బుతుంది.

ఏడాదికి ఒకటి రెండుసార్లు పండుగకు మాత్రమే చేసుకునే ఇంటికి ఇత్తడి నట్టు ఉన్న మందపాటి స్టీలు గొట్టం సరిపోతుంది. నెలకోసారైనా పిండి కలిపే ఇంటికి నేను ఇత్తడిదే తీసుకోమంటాను, మా ఇంటికి కొన్నదీ అదే. విజయవాడ వన్‌టౌన్‌లో కొన్నా, గుంటూరు పట్నంబజారులో కొన్నా, నెట్టే ముక్కను ఖాళీ గొట్టంలో పెట్టి అటూ ఇటూ కదిపి చూడండి. గలగలమంటే అక్కడే తిరిగి ఇచ్చేసి మరొకటి చూపించమనండి. బిళ్లలు విడిగా అమ్ముతారేమో కూడా అడగండి, ఎందుకంటే గొట్టంకంటే ముందు పోయేది కారప్పూస బిళ్లే.