జాక్సన్ ఎదిగిన దారిలో: షార్లెట్ నుంచి అలబామా దాకా కారులో

టెనెసీలోని నాష్‌విల్ వెళ్లే మనవాళ్లు ఆండ్రూ జాక్సన్ నివాసమైన హెర్మిటేజ్ భవనాన్ని ఒక పూటలో చూసేసి, ముందు నిలబడి ఫోటో దిగి వచ్చేస్తుంటారు. ఆయన అమెరికా ఏడో అధ్యక్షుడని తెలుసుకోవడానికి అది చాలు. కానీ తల్లీ తండ్రీ లేని ఒక కుర్రాడు లాయరై, అడవి అంచున ప్రాక్టీసు పెట్టి, జడ్జి, జనరల్, చివరికి అధ్యక్షుడు ఎలా అయ్యాడో తెలియాలంటే ఆ భవనాన్ని చివర్లో చూడాలి. మా ప్రయాణాన్ని ఆ వరుసలోనే వేసుకున్నాం. షార్లెట్, అట్లాంటా ప్రాంతాల్లో ఉండే తెలుగువాళ్లకు ఈ దారి బాగా అనుకూలం.

షార్లెట్‌కు దక్షిణాన, లాంకాస్టర్ దగ్గర దక్షిణ కరోలినా ప్రభుత్వం నడిపే ఆండ్రూ జాక్సన్ స్టేట్ పార్క్ ఉంది. 1767లో ఆయన పుట్టిన వాక్స్‌హాస్ ప్రాంతం ఇదే. ఆయన మా దగ్గర పుట్టాడంటే మా దగ్గర పుట్టాడని రెండు కరోలినాలూ నేటికీ వాదించుకుంటున్నాయి. చిన్న మ్యూజియం, పాతకాలపు బడి నమూనా, గుర్రమెక్కిన కుర్ర జాక్సన్ కంచు విగ్రహం చూడవచ్చు. స్వాతంత్ర్య యుద్ధంలో, 1781లో బ్రిటిష్ సైనికులకు పట్టుబడినప్పుడు, బూట్లు తుడవమన్న అధికారికి ఎదురు చెప్పి తలమీద, చేతిమీద కత్తి దెబ్బలు తిన్నాడు. అప్పటికి వయసు 14. అదే ఏడాది అన్నా, తల్లీ పోయారు. పిల్లలతో వెళ్లేవారు ఈ చోటు వదలవద్దు. గంటన్నర చాలు. ఆయన లా చదివిన సాలిస్‌బరీలో మాత్రం దీనికోసం ప్రత్యేకంగా ఆగాల్సిందేమీ మాకు కనిపించలేదు. 1787లో లాయరుగా అనుమతి పొందేదాకా ఆయన అక్కడే ఉన్నాడు.

ఈ ప్రయాణంలో నాకు బాగా నచ్చింది జోన్స్‌బరో. ఆషెవిల్ నుంచి ఐ-26 మీద కొండలు దాటితే వస్తుంది. 2024 సెప్టెంబరు తుఫాను ఈ కొండ రోడ్లను తీవ్రంగా దెబ్బతీసింది కాబట్టి బయలుదేరే ముందు రోడ్డు పరిస్థితి చూసుకోవాలి. 1779లో వెలసిన జోన్స్‌బరో టెనెసీలో అన్నిటికన్నా పాత పట్టణం. 1788లో జాక్సన్ ఇక్కడికి వచ్చి, కొన్ని నెలలు క్రిస్టఫర్ టేలర్ ఇంట్లో ఉంటూ కోర్టుకు వెళ్లాడు. ఆ దుంగల ఇంటిని తర్వాత ఊరి నడిబొడ్డుకు తరలించి నిలబెట్టారు. దగ్గరికెళ్లి చూస్తే గొడ్డలితో చెక్కిన దుంగలు, మూలల్లో ఒకదానిలో ఒకటి బిగించిన అతుకులు, సందుల్లో మెత్తిన సున్నం కనిపిస్తాయి. కోర్టులో మాటామాటా పెరిగి వెయిట్‌స్టిల్ ఎవరీ అనే పెద్ద లాయరును పిస్తోళ్ల పోరుకు సవాలు చేసింది ఈ ఊళ్లోనే. ఇద్దరూ గాలిలోకి కాల్చి చేతులు కలిపారు. 1806లో చార్లెస్ డికిన్సన్‌తో జరిగిన పోరు అలా ముగియలేదు. డికిన్సన్ చనిపోయాడు, అతని తూటా జాక్సన్ ఛాతీలో జీవితాంతం ఉండిపోయింది.

ఇక్కడ బసకు పాత ఇళ్లలో నడిపే చిన్న అతిథి గృహాలు ఉన్నాయి. మేం దిగిన చోట గది చిన్నదే గాని శుభ్రంగా ఉంది. యజమానురాలు పొద్దున్నే మాంసం లేకుండా ఫలహారం చేసిపెట్టి, ఊరి పటం మీద చూడాల్సినవన్నీ గుర్తుపెట్టి ఇచ్చింది. అక్టోబరులో కథలు చెప్పేవాళ్ల జాతీయ ఉత్సవం జరిగే రోజుల్లో ఊళ్లో గది దొరకడం కష్టం. అప్పుడు పక్కనున్న జాన్సన్ సిటీ చూసుకోవాలి.

నాష్‌విల్ ఇక్కడి నుంచి రోజులో చాలా భాగం కారు ప్రయాణం. దారిలో గడియారం గంట వెనక్కి వెళుతుంది. ఆ రోజుల్లో ఆదివాసీ తెగ అయిన చెరొకీల దాడుల భయంతో కాపలా పెట్టుకుని, గుంపుగా వెళ్లేవారట. ప్రాసిక్యూటరుగా, అంటే ప్రభుత్వ లాయరుగా, నాష్‌విల్ చేరిన జాక్సన్‌కు అక్కడ అప్పుల కేసులూ భూమి తగాదాలే ఎక్కువ. డబ్బు అరుదైన చోట ఫీజు కింద భూమి వచ్చేది. ఊరు నెలకొల్పినవాళ్లలో ఒకరైన జాన్ డోనెల్సన్ భార్య ఇంట్లో అద్దెకు దిగి, ఆమె కూతురు రేచల్‌ను పెళ్లాడి ఆ పెద్ద కుటుంబంలో కలిశాడు. 1796లో రాష్ట్ర రాజ్యాంగ సభ, ఆపై కాంగ్రెసు, సెనేటు, రాష్ట్ర ఉన్నత న్యాయస్థానం చకచకా వచ్చేశాయి. 1802లో మిలీషియా (రాష్ట్ర పౌర సైన్యం) మేజర్ జనరల్ పదవికి అధికారులు ఓటేస్తే మాజీ గవర్నర్ జాన్ సెవియర్‌తో సమానంగా ఓట్లు వచ్చాయి. గవర్నర్ ఆర్చిబాల్డ్ రోన్ తన ఓటు జాక్సన్‌కు వేశాడు. యుద్ధంలో సైన్యాన్ని నడిపిన అనుభవం లేని లాయరు ఒక్క ఓటుతో జనరల్ అయ్యాడు. తర్వాత జరిగినదంతా ఆ ఓటు మీదే నిలబడిందని నా నమ్మకం.

బస విషయంలో ఒక మాట. శుక్ర, శనివారాల్లో డౌన్‌టౌన్ హోటళ్ల జోలికి వెళ్లకండి. మేం దిగిన హోటల్లో పార్కింగ్ రుసుము సంగతి తాళం ఇచ్చేటప్పుడు గాని చెప్పలేదు. కింద వీధిలో సంగీతం అర్ధరాత్రి దాటినా ఆగలేదు. గది మార్చమంటే ఖాళీ లేదన్నారు. మర్నాడు విమానాశ్రయం దగ్గరి డోనెల్సన్ ప్రాంతానికి మారిపోయాం. అద్దె తక్కువ, నిద్ర పట్టింది, హెర్మిటేజ్ కూడా దగ్గరే. శాకాహారులు దక్షిణాది భోజనశాలల్లో ‘కూరగాయల పళ్లెం’ చూసి సంతోషపడే ముందు, చిక్కుళ్లలోనూ ఆకుకూరలోనూ పంది మాంసం వేశారేమో అడగాలి. చాలాచోట్ల వేస్తారు. నగరానికి మరో చివర, బెల్‌వ్యూలో ఉన్న శ్రీ గణేశ ఆలయంలో వెంకటేశ్వరస్వామి దర్శనం కూడా చేసుకోవచ్చు. ఆ ఆలయం ఉన్న రోడ్డు ఓల్డ్ హికరీ బులెవార్డ్. ఓల్డ్ హికరీ అంటే సైనికులు జాక్సన్‌కు పెట్టిన పేరే.

ఇక హెర్మిటేజ్. 1804లో 425 ఎకరాలు, తొమ్మిది మంది బానిసలతో మొదలైన తోట ఇది. చనిపోయేనాటికి ఆయన దగ్గర సుమారు 150 మంది బానిసలు ఉన్నారు. తెల్లని స్తంభాల భవనం బాగానే ఉంది. గైడు కూడా ఓపికగా చెప్పాడు. అయితే గదుల్ని గుమ్మాల దగ్గర నిలబడే చూడాలి, వెనక గుంపు తోసుకొస్తుంటుంది. నేను ఎక్కువసేపు గడిపింది వెనకనున్న దుంగల ఇళ్ల దగ్గర. న్యూ ఓర్లియన్స్‌లో 1815 జనవరి 8న బ్రిటిష్ సేనను ఓడించి దేశమంతా పేరు తెచ్చుకున్న నాటికి ఆయన కాపురం ఈ దుంగల ఇంట్లోనే. భవనం కట్టుకున్నాక ఈ రెండంతస్తుల ఇంటికి కింది అంతస్తు తీసేయించి, పైదాన్ని దించి, బానిసల నివాసంగా మార్చాడు. ఆ పొట్టి ఇల్లు ఇప్పటికీ అలాగే ఉంది. కాస్త దూరంలో ఆల్‌ఫ్రెడ్ గుడిసె ఉంటుంది. బానిసగా పుట్టి, స్వేచ్ఛ వచ్చాక కూడా అక్కడే ఉండి సందర్శకులకు చోటు చూపించిన ఆల్‌ఫ్రెడ్ జాక్సన్ 1901లో పోయాడు. జాక్సన్, రేచల్ సమాధుల పక్కనే ఆయన్నీ పూడ్చారు. ఈ భాగం చూడకుండా భవనం మాత్రం చూసి వెళ్లడం న్యాయం కాదు.

తిరుగు ప్రయాణం అలబామా మీదుగా పెట్టుకోవడానికి కారణం హార్స్‌షూ బెండ్. టాలపూసా నది గుర్రపు నాడాలా వంపు తిరిగిన ఈ చోట 1814 మార్చి 27న జాక్సన్ సేన రెడ్ స్టిక్ క్రీకుల (క్రీకు అనే ఆదివాసీ తెగలో అమెరికాతో పోరాడుతున్న వర్గం) మీద పడింది. ఇప్పుడు జాతీయ సైనిక ఉద్యానం, ప్రవేశం ఉచితం. మూడు మైళ్ల చుట్టు రోడ్డులో ఆగుతూ చూడవచ్చు. క్రీకులు కట్టుకున్న దుంగల అడ్డుగోడ ఉన్న గీత వెంబడి నడిచాను. ఫిరంగి గుళ్లు దాన్ని కదిలించలేకపోయాయి. జాక్సన్ పక్షాన ఉన్న చెరొకీలు వెనకనుంచి నది ఈది, పడవలు తెచ్చి, అవతలి గ్రామంపై దాడి చేశాకే పోరు మలుపు తిరిగింది. 800 మందికి పైగా క్రీకులు చనిపోయారు. ఆ ఆగస్టు ఒప్పందంలో 2 కోట్లకు పైగా ఎకరాలు లాక్కున్నారు. జాక్సన్ వైపు పోరాడిన క్రీకుల భూములు కూడా అందులో ఉన్నాయి. ఆయన అధ్యక్షుడయ్యాక 1830లో చేసిన ఆదివాసుల తరలింపు చట్టం చివరికి ఆ చెరొకీలనూ ఇళ్లు వదిలి వెళ్లగొట్టింది. నాడు నది ఈదినవాళ్లకు దక్కింది అదీ. మ్యూజియం చిన్నదే అయినా ఈ సంగతి దాచకుండా చెప్పారు. అక్కడి రేంజరు మా ప్రశ్నలకు అరగంటకు పైగా నిలబడి జవాబులిచ్చారు. మొత్తం ప్రయాణంలో మాకు దొరికిన మంచి సేవ అదే, అదీ రుసుము లేకుండా.

దగ్గర్లో భోజనానికి ఏమీ దొరకలేదు, నా ఫోనుకు సిగ్నల్ కూడా అందలేదు. పులిహోర, నీళ్లు వెంట పెట్టుకెళ్లండి. కూర్చుని తినడానికి బల్లలున్నాయి. రాత్రికి ఆబర్న్‌లో దిగితే మర్నాడు అట్లాంటా రెండు గంటల లోపే.